కంప్యూటర్ డబ్బా మూత తెరిచి చూడండి



ప్రొద్దుటూరులో పుట్టినవాళ్లకు బంగారం గురించి ఎవరూ తాలీమ్ ఇవ్వనక్కర్లేదు. మా అమ్మీ చదివింది ఐదో తరగతి. అయినా నగల అంగట్లో కూర్చుంటే తూకం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత, రాళ్ల బరువు తీసేశారా లేదా అని వరసపెట్టి అడుగుతుంది. రెడీమేడ్ గొలుసు కొన్నా అడుగుతుంది, ఆచారి దగ్గర చేయించినా అడుగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ తప్పనిసరి అయినప్పుడు భూతద్దం తెప్పించుకొని మరీ చూసింది. అదే ఇంట్లో, వేలకు వేలు పోసి కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం మేమంతా కలిసి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏం కంపెనీ?"

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, పోయిన నెల పులివెందులలో మా ఆపా ఇంటికి దావత్‌కు పోతే అక్కడ బిర్యానీ కంటే ముందు ఝగడా వడ్డించి ఉంది. ఆపా కూతురు అక్కడి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో ఏడు. ఇంటి నుంచే పోయి వస్తుంది కాబట్టి లాప్‌టాప్ అక్కర్లేదు, అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది అన్నంతవరకు అందరూ రాజీ. ఆ తర్వాతే తకరారు. దుల్హాభాయ్ ఫోన్ తీసి ఒక పేరున్న కంపెనీ ఆల్-ఇన్-వన్ చూపించారు. అద్దంలా ఉంది, ముచ్చటగా ఉంది, కింద "నో కాస్ట్ ఈఎంఐ, 12 కిస్తులు" అని ఆకుపచ్చ అక్షరాలు. పిల్ల ఏమో నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం పట్టుకొని నిలబడింది. ప్రాసెసర్, మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, కేబినెట్. "విడివిడిగా తెప్పించండి మామూ, నేనే బిగించుకుంటా" అంది.

దుల్హాభాయ్ రెండు మాటలన్నారు. ఒకటి: "ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకొని కూసుంటే ఇంక చదివేదెప్పుడు?" దీనికి జవాబు తర్వాత చెప్తా. రెండోది అసలు మాట: "అసెంబుల్డ్ సంగతి మనకు తెలీదా మియా? కాలిపోతే ఎవుర్ని అడగాల?"

ఆయన భయం వట్టి వహమ్ కాదు. 2014లో పెద్ద కొడుకు కోసం ఒక అంగట్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. అంగడి పేరు, ఊరి పేరు వద్దు. కేబినెట్ ముందు నీలం లైట్లు మెరుస్తా ఉండేవి, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ లైట్లు చూపించేవారు. రెండో ఎండాకాలం, మే నెల మధ్యాహ్నం, కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. నేనే పోయి మూత తీశా. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది, చేతిలో పెట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిక. హార్డ్ డిస్క్ మీద తయారీ తేదీ చూస్తే, కొన్న రోజుకు మూడేళ్ల ముందుది. అంటే ఎవరో వాడి పారేసింది కొత్తదని బిగించారు. బిల్లు తీయమంటే ఆపా బీరువాలోంచి తీసింది: "కంప్యూటర్ సెట్ - 1" అని రాసి కింద మొత్తం వేసి ఉంది. ఏ భాగం ఏ కంపెనీదో, సీరియల్ నంబరు ఏమిటో, వారంటీ ఎన్నేళ్లో ఒక్క ముక్క లేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో "అసెంబుల్డ్" అన్న మాట తిట్టుగా మారింది. నా రాయ్ వేరు. అక్కడ జరిగిన తప్పు విడి భాగాలు కలిపి బిగించడం కాదు. బిగించిన డబ్బా మూత ఎవరూ తెరిచి చూడకపోవడం.

సహీహ్ ముస్లింలో అబూ హురైరా రజియల్లాహు అన్హు రివాయత్ చేసిన వాకియా మనందరం జుమా బయాన్లలో విన్నదే. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసింది అన్నాడు అమ్మేవాడు. మరి తడిసిన భాగం జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదు అని అడిగి, మోసం చేసేవాడు నావాడు కాడు అని తేల్చి చెప్పారు. ఈ హదీస్‌ను మనం ఎప్పుడూ వ్యాపారి వైపు నుంచే వింటాం. నాకు ఆ చెయ్యి పెట్టడం కూడా ముఖ్యమే అనిపిస్తుంది. పైన ఎండిన గింజలు చూసి ముందుకు పోలేదు, లోపల చూశారు. కంప్యూటర్‌లో పైగింజలు అంటే నీలం లైట్లు, గాజు తలుపు, ప్రాసెసర్ స్టిక్కర్. తడి గింజలు ఎప్పుడూ ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉంటాయి, ఎందుకంటే కొనేవాడు దాన్ని అడగడు.

బ్రాండెడ్ డబ్బాలో మోసం ఉందని నేను అనను. కానీ అదీ మూసిన డబ్బానే. కొన్ని రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లై ఆకారం, బోర్డు మీద పిన్నులు ఆ కంపెనీవి ఆ కంపెనీకే సరిపోతాయి. నాలుగేళ్ల తర్వాత అది పోతే బయట బజారులో దొరికేది అందులో పట్టదు. ఆల్-ఇన్-వన్ అయితే ఇంకా ఇబ్బంది. తెర, బోర్డు ఒకే శరీరం, ఒకటి జబ్బు పడితే రెండూ మంచాన పడతాయి.

ఇక్కడ కొంచెం తారీఖ్. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని బజారులో దొరికే భాగాలతోనే తయారు చేసింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. తర్వాత వేరే కంపెనీలు అదే నమూనాలో చేయడం మొదలుపెట్టాయి. అందువల్లే ఈరోజు ఎవరి ర్యామ్ అయినా ఇంకెవరి బోర్డులోనో కూర్చుంటుంది, తరం సరిపోతే చాలు. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి.రోడ్, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయం మీద బతికిన బజార్లు. మన ఊళ్ల కంప్యూటర్ అంగళ్లు ఎక్కువ భాగం వాటికి షాగిర్దులే.

సరే, చవక సంగతి. సొంతంగా బిగించుకుంటే సగానికి సగం మిగులుతుంది అని చెప్పేవాళ్లను నమ్మకండి. ఒకప్పుడు తేడా బాగానే ఉండేది. ఇప్పుడు పెద్ద కంపెనీలు లక్షల్లో కొంటాయి కాబట్టి వాళ్లకు పడే ధర మనకు పడదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడం మొదలయ్యాక ర్యామ్ ధర అడగాలంటేనే గుండె దడ. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. పైగా బ్రాండెడ్ ధరలో విండోస్ లైసెన్స్ కలిసి ఉంటుంది, మన లెక్కలో అది ఉండదు. కాబట్టి చవక అన్న దలీల్‌తో నేను దుల్హాభాయ్‌తో వాదించలేదు.

వాదించింది కిస్తు మీద.

"నో కాస్ట్" అంటే వడ్డీ లేదని కాదు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే నెల స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. అసలు ఒక వరస, వడ్డీ ఒక వరస, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో వరస. వడ్డీకి సరిపడా మొత్తాన్ని అంగడివాడో కంపెనీయో ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. అంతే తేడా. రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజుల్లాంటి వాటిలో దాచిపెడుతున్నారని బ్యాంకులను హెచ్చరించింది. దీని మీద హుకుమ్ ఏమిటో చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను, మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌నో ముఫ్తీ సాబ్‌నో అడగండి. కానీ అడిగేటప్పుడు ప్రకటన చూపించకండి, కరార్‌నామా చూపించండి. వడ్డీ అన్న మాట అందులో ఉంది. ఒక కిస్తు తప్పితే ఏమవుతుందో కూడా అందులోనే ఉంది.

మన ఇళ్లల్లో విచిత్రం ఇదే. బ్యాంకు లోను అంటే తౌబా తౌబా అంటాం. ఫోన్, ఫ్రిజ్, బండి మాత్రం కిస్తుల మీదే వస్తాయి, ఆకుపచ్చ అక్షరాలు చూసి మనసు నెమ్మదిస్తుంది.

విడి భాగాలతో ఉన్న అసలు సౌలత్ ఇది: చిన్నగా మొదలుపెట్టి, చేతిలో ఉన్న నగదుతోనే పెంచుకుంటూ పోవచ్చు. రెడీమేడ్ డబ్బా మొత్తం ఒకేసారి అడుగుతుంది. ఇందులో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను, దాచడం ఎందుకు. నా సొంత కంప్యూటర్ కోసం నెలకో భాగం చొప్పున కొంటూ పోయా. ఒక నెల బోర్డు, ఇంకో నెల కేబినెట్, ఇంకో నెల ప్రాసెసర్. ఐదో నెల అన్నీ కలిపి బిగిస్తే బోర్డు మీద ఒక ర్యామ్ స్లాట్ పనిచేయలేదు. మార్చి ఇవ్వాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది, వారంటీ గడియారం బిల్లు రాసిన రోజే మొదలైంది, నేను పెట్టెలో పెట్టి దాచుకున్న రోజులన్నీ అందులో కరిగిపోయాయి. బోర్డు బెంగళూరు పోయి వచ్చేదాకా సబ్ర్ చేయాల్సి వచ్చింది.

అందుకని పిల్లకు చెప్పింది వేరే. డబ్బు కూడబెట్టు, భాగాలు కాదు. ఆపా వాళ్ల మొహల్లా ఆడవాళ్లు పాట లేకుండా, పేర్లు రాసి చీటీ తీసి నడిపే చీటీ ఒకటుంది. వడ్డీ లేదు, ఎవరికీ నష్టం లేదు. ఆ డబ్బు చేతికి వచ్చాక ముందు అస్థిపంజరం ఒకేసారి కొనాలి: లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్, ర్యామ్ కోసం ఖాళీ స్లాట్లు మిగిలే బోర్డు, 80 ప్లస్ గుర్తు ఉన్న పేరున్న ఎస్‌ఎంపీఎస్, ఒక ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. మానిటర్ ఇప్పుడే అక్కర్లేదు, హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ పెడితే నడుస్తుంది. నానీమా సీరియల్ టైములో మాత్రం నడవదు. ర్యామ్ ధర దిగితే ఇంకో 8 జీబీ. ప్రతి వస్తువుకూ సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు. ప్రాసెసర్, బోర్డుకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే అది గాలి మాట.

మన ఊళ్లకు ఇంకో రెండు ఖర్చులు కలపాలి, ఏ యూట్యూబ్ వీడియోలోనూ ఇవి చెప్పరు. ఒకటి యూపీఎస్. ముద్దనూరు దగ్గర అంత పెద్ద థర్మల్ కేంద్రం ఉన్నా ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజ్ ఊగడం మనకు మామూలే. రెండోది అర్థింగ్. పాత మిద్దెల్లో మూడో పిన్ను చాలాచోట్ల అలంకారం. ఎలక్ట్రీషియన్ భాయ్‌ను పిలిచి అర్థింగ్ ఉందో లేదో చూపించుకోండి, కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే అది కంప్యూటర్ తప్పు కాదు.

ఇక హునర్ మాట. మన ఊళ్లల్లో బండి మెకానిక్ ఎవరు, మోటార్ వైండింగ్ చేసేది ఎవరు, వెల్డింగ్, ఏసీ, ఫ్రిజ్ రిపేరు, గడియారాలు, కుట్టుమిషన్లు? సగం అంగళ్ల మీద మన పేర్లే. డిగ్రీలు లేకపోయినా వస్తువు మూత తీసి, చూసి, అర్థం చేసుకొని బాగు చేసిన చేతులు మనవి. ఆ చేతులతోనే ఎంతోమంది కువైట్ పోయి ఇళ్లు కట్టారు. దావూద్ అలైహిస్సలాం బాద్‌షా అయి ఉండి కూడా తన చేతి కష్టం మీద బతికారని, ఇనుప కవచాలు అల్లారని పిల్లలకు కథలుగా చెప్తాం. మరి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ఎందుకు వెనక్కి పోతాయి? దాని లోపల నిజానికి ఒక బండి ఇంజన్‌లో ఉన్నంత కూడా పనిలేదు. ఆరేడు భాగాలు, పదో పదిహేనో స్క్రూలు, ప్రతి తీగకూ అది పట్టే ఒకే ఒక్క చోటు.

దుల్హాభాయ్ మొదటి మాటకు నా జవాబు ఇదే. ఆడపిల్లకు ఈ హునర్ ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఏ అంగట్లోనూ కూర్చోనక్కర్లేదు, ఎవరి ముందూ చేయి చాపనక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్ల నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ప్రాసెసర్‌ను చేత్తో పట్టుకోకుండా పట్టా తెచ్చుకుంటే, అది వంట పుస్తకం బట్టీపట్టి పొయ్యి ముట్టని చదువు. ఆ మాట అనగానే వంటగదిలోంచి ఆపా నవ్వింది, నాకు కొంత బలం వచ్చింది.

ఇంతా చెప్పి, అందరూ బిగించుకోండి అని నేను అనడం లేదు. జమ్మలమడుగులో నా దోస్త్ ఒకడు ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. పాన్ కార్డులు, హాల్ టికెట్లు, జిరాక్స్. పోయినేడు నన్ను సలహా అడిగితే రెడీమేడే కొను అని చెప్పా. వాడి కంప్యూటర్ ఒక్కరోజు ఆగితే ఆరోజు రోజీ ఆగిపోతుంది, పరీక్ష ఫీజు ఆఖరి రోజైతే పిల్లల తిట్లు అదనం. ఏ భాగం పోయిందో వెతికి, దాన్ని కొరియర్‌లో పంపి, వారాలు ఎదురుచూసే ఫుర్సత్ వాడికి లేదు. ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉన్న ఆఫీసు రకం డెస్క్‌టాప్ తీసుకున్నాడు, నగదుకు. పైగా ఎర్రగుంట్ల దారిలో బండల పాలిష్ యూనిట్ల దుమ్ము. వాడి అంగట్లో పొద్దున తుడిచిన కీబోర్డు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అలాంటి చోట గాజు తలుపు కేబినెట్, మూడు ఫ్యాన్లు పెట్టడం దుమ్మును దావత్‌కు పిలిచినట్టే.

ఇంకా తక్కువ డబ్బున్నవాళ్లకు మూడో దారి ఉంది. పెద్ద ఆఫీసులు వాడి మార్చేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు, రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. గట్టివే. ఒక్కటి చూడండి: ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోవద్దు, విండోస్ 11 దానికి సరిగ్గా పట్టదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. ఆ తేదీ తర్వాత పాత మిషన్లు చవకగా బజారులోకి వచ్చాయి, చవక ఎందుకో అర్థమయ్యే ఉంటుంది.

విండోస్ మాట వచ్చింది కాబట్టి, మనం చెవిన వేసుకోని విషయం ఒకటి. మన ఊళ్లల్లో అసెంబుల్డ్ కంప్యూటర్‌తో "విండోస్ ఫ్రీగా వేసిస్తాం" అంటారు. అది ఫ్రీ కాదు, దొంగది. అమ్మేవాడి దగ్గర లేని హక్కును మనకిస్తున్నాడు. బియ్యం బస్తాలో ఒక కిలో దొంగసరుకు అని తెలిస్తే వెనక్కి ఇస్తాం కదా? సొంతంగా బిగించుకునేవాళ్లు లైసెన్స్ ధర కూడా లెక్కలో వేసుకోవాలి. లేదా లినక్స్ పెట్టుకోవాలి. ఉబుంటు, మింట్ లాంటివి పైసా లేకుండా, దర్జాగా, ఎవరి హక్కూ తినకుండా వాడుకోవచ్చు. తెలుగులోనే కంప్యూటర్ నడవాలని మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్లుగా ఈ దారిలోనే పని చేశారు. సీఎస్‌ఈ పిల్లలకు సీ, జావా, పైథాన్ అన్నీ లినక్స్‌లో బాగా నడుస్తాయి. సివిల్, మెకానికల్ పిల్లలకు ఆటోక్యాడ్ కావాలి, దానికి విండోస్ తప్పదు. అలాంటి ఇంట్లో లైసెన్స్‌తో వచ్చే రెడీమేడే లెక్కకు సరిపోతుంది, నేనే ఒప్పుకుంటా.

చివరికి పులివెందులలో ఏమైందంటే, చీటీ వచ్చింది, భాగాలు వచ్చాయి. ఒక ఆదివారం జొహర్ నమాజ్ తర్వాత బిగించడానికి కూర్చుంది. టేబుల్ చాలక హాల్లో దస్తర్‌ఖాన్ పరిచింది. అన్నం తినే గుడ్డ మీద ఇనుప ముక్కలేమిటని నానీమా లేవబోయింది, ఆపా ఆపింది. నేను ప్రొద్దుటూరులో ఉండి ఫోన్‌లో చూస్తున్నా, చెయ్యి పెట్టనని ముందే ఖసమ్ తీసుకుంది. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న బంగారు త్రికోణం చూసి సరిగ్గా కూర్చోబెట్టింది. ర్యామ్ టక్‌మని పడింది. అసర్ వేళకు అంతా అయింది, బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, టీవీ తెర నల్లగానే ఉంది. అరగంట అలాగే. పిల్ల కళ్లలో నీళ్లు. దుల్హాభాయ్ ఏమీ అనలేదు, అది ఆయన మంచితనం. ఆల్-ఇన్-వన్ ఉన్న ఫోన్ మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

బోర్డు పైమూల ప్రాసెసర్‌కు విడిగా కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల తీగ పెట్టడం మరిచిపోయింది. వీడియోలో నాకు ముందే కనబడింది, ఖసమ్ వల్ల నోరు మూసుకున్నా. తనే బోర్డు పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేసి కనుక్కుంది. మగ్రిబ్ అజాన్‌కు కొంచెం ముందు తెర వెలిగింది.

మరుసటి వారం ఆపా ఫోన్ చేసింది. దుల్హాభాయ్ తన అంగట్లో బిల్లింగ్ కంప్యూటర్ ఎండకు గుర్రుమంటోందని ఇంటికి మోసుకొచ్చి, దస్తర్‌ఖాన్ తనే పరిచి, కూతుర్ని పిలిచారట. లోపల దుమ్ము ఎంత వచ్చిందంటే, నానీమా చేట తెప్పించిందట.